చుక్కల లెక్కలో బొమ్మ, అక్షరము

భాషాసంఘమున కంప్యూటరు ఆటల బొమ్మలపై ప్రసంగమేమని పెద్దలు కొందరు అనుకొనవచ్చును. కొంత ఓపిక పట్టుడని ప్రార్థన. చివరకు అక్షరముల యొద్దకే వత్తుము.

1982లో వెలువడిన కొమడోర్ 64 అను ఇంటి కంప్యూటరులో, వెనుకటి దృశ్యమును చెరుపకయే తెరమీద కదలెడు చిన్న బొమ్మను స్ప్రైట్ అనిరి. అట్టివి ఎనిమిదింటిని ఆ యంత్రము ఒక్కసారి చూపగలదు. ఒక్కొక్కటి అడ్డమునకు 24 చుక్కలు, నిలువునకు 21 వరుసలు. చుక్క యున్నచో ఒకటి, లేనిచో సున్న. ఎనిమిది చుక్కలకొక బైటు చొప్పున వరుసకు మూడు, వెరసి 63 బైట్లు. ఆ ఎనిమిది గడులకు ఎడమనుండి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు గలవు. నడిమి నాలుగు గడులు నింపినచో 32, 16, 8, 4 కలిసి 60 అగును. చిత్రకారుడు గడుల కాగితముపై బొమ్మ వ్రాసి, వరుసలు కూడి, ఆ అంకెలను యంత్రమునకు అందించెడివాడు. చుక్కలు లెక్కించి ముగ్గు పెట్టు మన ఆడుపడుచులకు ఇది బొత్తిగా తెలియని విద్య కాదు.

రంగుల విషయమున ఇబ్బంది ఇంకను ఎక్కువ. అదే సంవత్సరము ఇంగ్లండున వచ్చిన జడ్.ఎక్స్. స్పెక్ట్రమ్‌లో ఎనిమిదికి ఎనిమిది చుక్కల గడిలో రెండే రంగులు పట్టును. వీరుడు గోడ చెంతకు పోగానే అతని రంగు గోడకు అంటుకొనును. రంగు నిలువని చీరతో ధోవతిని నానబెట్టినట్లే! అందుచేత పలువురు రచయితలు కదలెడు బొమ్మను ఒకే రంగున నుంచిరి.

ఇరుకే ఒక్కొక్కప్పుడు రూపమును ఇచ్చును. 1981లో జపానుదేశపు షిగెరు మియామొతో డాంకీ కాంగ్ ఆటకు వడ్రంగి బొమ్మను కల్పించెను. అన్ని కొద్ది చుక్కలలో జుట్టు కుదరక టోపీ పెట్టెను. ముక్కు తెలియుటకై మీసము పెట్టెను. లోకప్రసిద్ధుడైన మారియో మీసము వెనుక కథ ఇంతే.

మన కోరాపుట్ జిల్లాలోని కోట్పాడు మిర్గాన్ నేతగాండ్రకు ఈ ఇరుకు తరతరాలుగా తెలిసినదే. ఆల్ వేరుతో ఎరుపెక్కించిన నూలుతో పీతను, చేపను నేయునపుడు వంపు గీత లేదు. పోగులు లెక్కించి మెట్టుమెట్టుగా సాగవలెను. ఆ వస్త్రమునకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినది. బొమ్మలు నేర్వదలచిన బాలురు ముందు ఆ అంచును దగ్గరగా చూడవలెనని మా అభిప్రాయము. అయితే లాంజియా సవరల ఇడితాల్ చిత్రములు వేరు. అవి దేవతలకొరకు, పితరులకొరకు గోడపై వ్రాయునవి. పుల్లలవంటి ఆ మనుష్యులు చుక్కలలో సులువుగా ఒదుగుదురు గదా యని తుపాకి ఆటలో గురిగా నిలుపుట తగదు. ఎవరైన వాడదలచినచో ముందు వారినే అడుగవలెను.

ఇక అక్షరములు. ఇంగ్లీషు అక్షరము ఎనిమిది వరుసలలో హాయిగా కూర్చుండును. మన అక్షరమునకు పైన తలకట్టు, గుడి, క్రింద ఒత్తు. 'లక్ష్మి' అను పేరులో ఒక అక్షరము క్రిందనే రెండు ఒత్తులు! 'ధ'కును 'థ'కును భేదమంతయు కడుపులోని చుక్క. ఆ చుక్కకు చోటు లేనిచో 'రథము' 'రధము' అగును. కాని 24కు 21 గడుల స్ప్రైట్‌లో శ్రద్ధతో వ్రాసినచో ఒక్కొక్క అక్షరము ఒత్తుతోకూడ ఇముడును. తలకట్టుకు నాలుగు వరుసలు, ఒడలికి పది, ఒత్తుకు ఆరు, నడుమ ఒక ఖాళీ వరుస అని మేము లెక్క కట్టితిమి.

రాయగడలో, గుణుపురంలో, జయపురంలో ఇంట తెలుగు మాటలాడియు బడిలో ఒరియాయే వ్రాయు పిల్లలు గలరు. 'ధ', 'థ'ల భేదమును వారికి బోధించుట మాకు కష్టముగనే యున్నది. తన చేతితో గడులు నింపిన పిల్లవాడు ఆ చుక్క ఎక్కడ పెట్టవలెనో నిర్ణయింపక తప్పదు. పాత యంత్రము కొననక్కరలేదు; దానిని అనుకరించు ఉచిత ప్రోగ్రాములు నేటి సామాన్య కంప్యూటరులో నడచును. ఒక్కొక్కరు తమ పేరులోని మొదటి అక్షరమును 24 గడుల వెడల్పున, 21 గడుల ఎత్తున వ్రాసి, వరుసల మొత్తములు ప్రక్కన వేసి తెచ్చినచో, వచ్చే సమావేశమున వానిని తెరమీద నడిపించి చూపుదుము.