పిల్లల చేతికి సూర్యుడు

ఆగస్టు 20న అక్షయ ఊర్జా దివస్, అంటే పునరుత్పాదక ఇంధన దినం. 2004 నుంచి దేశమంతా దాన్ని జరుపుకుంటోంది. ఆ రోజు మన అన్నోజిగూడ బడుల్లో చిన్న సౌరశక్తి మేళా పెడితే ఎంత బాగుంటుంది!

చిన్న సోలార్ పలకకు బొమ్మ ఫ్యాను తగిలించి ఎండలో పెట్టండి. పిల్లలు అరచెయ్యి అడ్డం పెడితే రెక్కలు నెమ్మదిస్తాయి, తీయగానే గిర్రున తిరుగుతాయి. పలకను దక్షిణం వైపు వాల్చి చూడమనండి. ఏడాదిలో ఎక్కువ రోజులు మధ్యాహ్నపు సూర్యుడు మనకు అటువైపే ఉంటాడు. మేడల మీది పలకలు అటు వాలి ఉండేది అందుకే.

సోలార్ కుక్కరుకు మాత్రం డిసెంబరు 14, ఇంధన పొదుపు దినమే నయం, ఆగస్టులో మబ్బులెక్కువ. అట్టపెట్టె లోపల అల్యూమినియం రేకు, నల్లరంగు గిన్నె, పైన గాజు మూత చాలు. అమ్మమ్మలూ తాతయ్యలూ కూర్చుని బియ్యం కడిగి పోయండి. ఉడకడానికి గంటలు పడుతుంది, పట్టనివ్వండి. రేకు మీద మెరిసే ఎండను పిల్లలు సూటిగా చూడకుండా మాత్రం కనిపెట్టి ఉండండి.