ఆచారాలు - షరీఅత్: నిలుపుకోవలసినవి, వదులుకోవలసినవి

సమస్త స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహాబాలపైన అల్లాహ్ శాంతి శుభాలు కురిపించుగాక!

ధర్మ సోదరులారా!

కాలం మారినప్పుడల్లా ప్రతి సమాజానికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. పెద్దల నుండి వచ్చిన ఆచారాలలో వేటిని కాపాడుకోవాలి? వేటిని విడిచిపెట్టాలి? "మా తాతముత్తాతలు చేశారు, మేమూ చేస్తాం" అనేవారు కొందరు. "పాతదంతా పనికిరానిదే" అనేవారు మరికొందరు. ఈ రెండూ మన ధర్మం చూపిన మార్గాలు కావు.

తాతముత్తాతల బాట అన్న ఒక్క కారణంతో సత్యాన్ని తిరస్కరించినవారిని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 170వ ఆయత్‌లో మందలించింది. ఆ పెద్దలకు వివేకం, సన్మార్గం లేకపోయినా వారినే అనుసరిస్తారా అని నిలదీసింది. అదే ఖుర్ఆన్ అల్ అఅరాఫ్ సూరా 199వ ఆయత్‌లో 'ఉర్ఫ్'ను ఆదేశించమంటోంది. మంచిదని జనులందరూ ఎరిగినదే ఉర్ఫ్. అంటే ఆచారాన్ని పాతదా, కొత్తదా అని కాక, న్యాయమా, అన్యాయమా అని తూచాలి.

దైవప్రవక్త (స) ఈ తూకాన్ని ఆచరించి చూపారు. ఆడశిశువులను సజీవంగా పాతిపెట్టే దురాచారాన్ని సమూలంగా రద్దు చేశారు. పీడితునికి అండగా నిలుస్తామని మక్కా పెద్దలు ఇస్లాంకు పూర్వం చేసుకున్న 'హిల్ఫుల్ ఫుదూల్' ఒడంబడికను ప్రవక్త పదవి లభించిన తరువాత కూడా మెచ్చుకున్నారు. వారు మదీనాకు వచ్చేనాటికి అక్కడి ప్రజలు రాబోయే ఏళ్ల ఖర్జూర పంటకు ముందుగానే సొమ్ము చెల్లించేవారు. ఆ పద్ధతిని వారు ఆపలేదు. కొలత, తూకం, గడువు స్పష్టంగా నిర్ణయించుకోవాలని నియమం పెట్టారు. ఒకటి రద్దయింది, ఒకటి నిలిచింది, ఒకటి సంస్కరణ పొందింది. తరువాతి ఫఖీహులు ఆచారాన్ని తీర్పుకు ఒక ఆధారంగా గ్రహించారు. అది షరీఅత్ ఆదేశానికి విరుద్ధంగా ఉండరాదన్నదే వారి షరతు.

ఈ తూకం ఎంత కష్టమైనదో ఇండోనేషియాలోని పశ్చిమ సుమత్రా చరిత్ర చెబుతుంది. అక్కడి మినంగ్‌కబావు ప్రజలు ముస్లింలు. వారిలో వంశం తల్లి పేర సాగుతుంది. పూర్వీకుల ఇల్లు, పొలం ఆడబిడ్డల పరంపరలో నిలుస్తాయి. 1803లో మక్కా నుండి తిరిగివచ్చిన కొందరు హాజీలు సంస్కరణోద్యమం ప్రారంభించారు. జూదం, కోడిపందేలు, మత్తుపదార్థాలు మానాలన్నారు. ఆ పిలుపులో మేలు ఉంది. కానీ మాటతో మొదలైనది కత్తి వరకు వెళ్లింది. సోదరులే సోదరులపై పోరాడారు. 1821లో ఆచారపక్షం పెద్దలు డచ్చివారి సాయం కోరారు. 1837లో సంస్కర్తల బొంజోల్ కోట డచ్చివారి వశమైంది. ఇరుపక్షాలూ స్వాతంత్ర్యాన్నే కోల్పోయాయి.

అయినా ఆ సమాజం ఒక దారి కనుగొన్నది. ఆచారానికి ఆధారం షరీఅత్, షరీఅత్‌కు ఆధారం అల్లాహ్ గ్రంథం అనే సూత్రాన్ని అందరూ అంగీకరించారు. ఆస్తి విషయంలో ఉలమాల మధ్య దీర్ఘ చర్చ సాగింది. మక్కాలో ఇమాముగా ఉన్న అహ్మద్ ఖతీబ్ మినంగ్‌కబావీ ఆ వారసత్వ పద్ధతిని తీవ్రంగా ఖండించారు. పూర్వీకుల భూమి ఏ ఒక్కరి సొంతమూ కాదు, అది వక్ఫ్ వంటిదని మరికొందరు పండితులు వాదించారు. చివరకు వంశభూమి ఆచారం ప్రకారం నిలిచింది. మనిషి తన కష్టంతో సంపాదించిన ఆస్తి షరీఅత్ వాటాల ప్రకారం పంచాలన్నది స్థిరపడింది. కత్తి తేల్చలేనిదాన్ని సంప్రదింపు తేల్చింది.

సోదరులారా! ఇప్పుడు మన ఇళ్లవైపు చూద్దాం. తెలుగు మన తల్లిభాష అయితే, మనకు ఇంటిపేర్లు ఉంటే, అందులో షరీఅత్‌కు విరుద్ధమైనది ఏమీ లేదు. ఉర్దూ రాదని దూదేకుల, నూర్‌బాషా సోదరులను తక్కువగా చూసినవారు మనలో ఉన్నారు. దూది ఏకే విల్లు యంత్రాల రాకతో మూలపడింది, కానీ కష్టార్జితం తినే ఆ సంప్రదాయం మూలపడలేదు. జాతులు, తెగలు పరస్పర పరిచయానికే అని అల్ హుజురాత్ 13వ ఆయత్ బోధిస్తుంటే, భాషను బట్టి ఈమాన్‌ను కొలిచే అధికారం మనకు ఎవరిచ్చారు?

ఇక రద్దు చేయవలసిన ఆచారం సంగతి. ఇస్లాంకు పూర్వం పెళ్లికూతురి మహర్‌ను తరచుగా ఆమె సంరక్షకులే తీసుకునేవారు. అన్నిసా సూరా 4వ ఆయత్ దానిని స్త్రీకే సంతోషంగా ఇవ్వమని ఆదేశించింది. మనం ఏం చేశాం? ఇవ్వవలసినవాడు పుచ్చుకునేవాడయ్యాడు. జోడే కీ రఖం అన్నా, జహేజ్ అన్నా, కట్నమన్నా ఒక్కటే. 1961లో దేశ చట్టం కూడా దీనిని నేరంగా ప్రకటించింది. బిడ్డ నిఖా కోసం ఉన్న ఎకరం అమ్ముకున్న తండ్రి మన సఫ్‌లోనే భుజానికి భుజం కలిపి నిలబడి ఉన్నాడు. నిఖానామాలో రాసిన మహర్ మాత్రం ఏళ్లు గడిచినా భార్య చేతికి చేరదు. అన్నదమ్ములు పొలం పంచుకునే రోజున, పుట్టింటి బంధం నిలవాలంటే వాటా వదులుకోమని అక్కచెల్లెళ్లతో సంతకం పెట్టిస్తారు.

ఈ దోషంలో మాకూ పాలున్నది. రాత్రి బేరం జరిగిందని తెలిసీ, ఉదయం నిఖా ఖుత్బా చదివి, విందు భుజించి వచ్చాము. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక! మిమ్బర్ మౌనంగా ఉంటే దురాచారానికి ధర్మం ముసుగు దొరుకుతుంది.

మార్పు మన ఇంటి నుండే మొదలుకావాలి. కొడుకు పెళ్లి చేయబోయేవారు అడగటం మానండి. ఎదుటివారు ఇస్తామన్నా వద్దనండి. భార్యకు మహర్ బాకీ ఉన్నవారు ఈ వారమే చెల్లించటం ప్రారంభించండి. అక్కచెల్లెళ్ల వాటా అట్టిపెట్టుకున్నవారు వారి గడపకు వెళ్లి అప్పగించండి. దీనికి కత్తి అక్కరలేదు, కలహమూ అక్కరలేదు. జమాఅత్ పెద్దలు కూర్చుని సంప్రదించి ఒక మాటపై నిలిస్తే చాలు.

ఓ అల్లాహ్! మా పెద్దల మంచిని కాపాడే శక్తినీ, వారి పొరపాట్లను వదిలే ధైర్యాన్నీ మాకు ప్రసాదించు. మా ఆడబిడ్డల హక్కుల విషయంలో ప్రళయదినాన మమ్మల్ని తలవంచుకునేలా చేయకు. ఆమీన్.