దరఖాస్తు కన్నా ముందు

పిల్లలూ!

మన దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గర్లోని పైగా సమాధుల మరమ్మతుకు 2023లో అమెరికా రాయబారుల నిధి నుంచి 2.5 లక్షల డాలర్లు ప్రకటించారు. అది చూసి, మన తీజ్ పాటలు రికార్డు చేసి విదేశీ విద్యార్థులకు వినిపిద్దామని మేమూ ఎల్బీనగర్‌లో కూర్చుని చిన్న గ్రాంటుకు దరఖాస్తు రాశాం. 'సంస్కృతి పరిరక్షణ' అన్నాం గానీ ఏ తండా, ఎవరు పాడతారు, ఎంత ఖర్చు అన్నది రాయలేదు. విదేశీ సొమ్ము తీసుకోవాలంటే సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషనో, కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతో ఉండాలి. మాకు రెండూ లేవు. దరఖాస్తు అక్కడే ఆగింది. ఈలోగా ఎక్కువ పాటలు వచ్చిన అవ్వ చనిపోయింది.

కాగితాల పని పెద్దవాళ్లం చూసుకుంటాం. తీజ్‌కు తండాకు వెళ్లినప్పుడు మీరు ఫోన్‌లో పాటలు రికార్డు చేయండి. పాడినవారిని అడిగి పేరు, తండా, తేదీ రాసిపెట్టండి. రేపటి దరఖాస్తుకు అదే బలం.