మంచు బాటలో లావు టైర్ల సైకిలు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరములలో మంచుగడ్డలు పేరుకొనవు. కాని ఎండిన పెన్న, చిత్రావతుల ఇసుకలో సైకిలు దిగి నెట్టుట మనమెరిగినదే. శీతకాలమున అలాస్కా అడవిబాటల మంచుదియు అదే తీరు: సన్నని టైరు బరువునంతటిని కొద్దిచోట మోపి దిగబడును. చెమట గడ్డకట్టు ఆ చలిలో నడిదారిని నిలిచిపోవుట ప్రాణాపాయము.

1987లో అక్కడ మంచుదారిపై సైకిలు పందెములు ఆరంభమైన పిదప, కొందరు రెండు రిమ్ములను జోడించి చక్రమును వెడల్పు చేసిరి. 2005 నాటికి సుమారు 4 అంగుళముల టైర్ల సైకిళ్లు అంగళ్లకు వచ్చినవి. గాలి తగ్గించినచో ఆ టైరు పరచుకొని, బరువును పంచి, మంచుపై తేలి సాగును. ఈ ఉపాయము ఇసుకకును చెల్లును.

అయితే మన మామూలు సైకిలుకు గాలి మరీ తగ్గించినచో, రిమ్ము ఒత్తిడికి ట్యూబు చిరుగునని మేము హెచ్చరింపవలసియున్నది. లావు టైర్లు లేనివారు ఏటి ఇసుకలో దిగి నెట్టుటయే మేలు.