బొబ్బలు మానిన తరవాత: రసాయన ఆయుధాలు, మాజీ సైనికుల ఆరోగ్యం (మలక్‌పేట స్నాతకోత్సవ ప్రసంగం)

మస్టర్డ్ గ్యాస్ పేరుకే వాయువు. మామూలు వేడిలో అది నూనెలాంటి ద్రవం. నేలమీద, బట్టలమీద పడి నెమ్మదిగా ఆవిరవుతూ ఉంటుంది. 1917 జులైలో బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్ సైన్యం దీన్ని మొదటిసారి వాడింది. ఒంటికి తగిలిన క్షణాన నొప్పి ఉండదు. కొన్ని గంటలు గడిచాక కళ్లు మండుతాయి, చర్మం మీద బొబ్బలు లేస్తాయి, గొంతు బొంగురుపోతుంది. ఆ యుద్ధంలో దీని బారిన పడినవాళ్లలో చనిపోయింది నూటికి ఇద్దరో ముగ్గురో. అందుకే సైనిక వైద్యులు చాలాకాలం దీన్ని ప్రాణం తీయని ఆయుధంగా, మనిషిని కొన్నాళ్లు మంచం పట్టించే ఆయుధంగా లెక్కగట్టారు. ఆ లెక్క బొబ్బలు మానేదాకానే వేసినది.

మిగతా లెక్క ఇరాన్‌లో తేలింది. 1980–88 యుద్ధంలో ఇరాక్ మస్టర్డ్‌ను, నరాలపై పనిచేసే విషాలను పదేపదే ప్రయోగించింది. 1987 జూన్ 28న సర్దష్త్ పట్టణం మీదే మస్టర్డ్ బాంబులు పడ్డాయి. యుద్ధం ముగిశాక ఇరాన్ బాధితుల పేర్లు నమోదు చేసి, వాళ్లను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చింది. ఈ జబ్బుల గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో పెద్ద భాగం ఆ రిజిస్టర్ల పుణ్యమే. 34,000 మంది వివరాలతో 2003లో వెలువడిన అధ్యయనంలో 42.5 శాతం మందికి ఊపిరితిత్తుల్లో, 39.3 శాతం మందికి కళ్లలో, 24.5 శాతం మందికి చర్మం మీద దీర్ఘకాలిక సమస్యలు కనిపించాయి.

ఊపిరితిత్తుల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పొరపాటు పడేది ఇక్కడే. మస్టర్డ్ డీఎన్‌ఏను పట్టుకుని దెబ్బతీస్తుంది. సన్నని శ్వాసనాళికల గోడలు మచ్చకట్టి, ఇరుకై, చివరికి మూసుకుపోతాయి. దీన్ని బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరన్స్ అంటారు. రోగికి తెలిసేది ఆయాసం, దగ్గు, కళ్లె. ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. ఊపిరి పూర్తిగా వదిలించి సీటీ స్కాన్ తీస్తేనే లోపల చిక్కుకుపోయిన గాలి కనబడుతుంది. అంతదాకా వెళ్లనిచోట ఉబ్బసమనో, బీడీల దగ్గనో మందు రాసి పంపేస్తారు. మూసుకుపోయిన నాళికలను తిరిగి తెరిచే మందు ఇప్పటికీ లేదు. ఇన్‌హేలర్లు, ఆక్సిజన్, ఇన్‌ఫెక్షన్లు రాకుండా జాగ్రత్త: వైద్యమంతా ఉన్న ఊపిరిని నిలబెట్టడానికే.

కన్ను ఇంకా చిత్రం. తగిలిన మంట తగ్గిపోయి, పదిహేను ఇరవై ఏళ్లు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాక కొందరిలో కార్నియా మసకబారడం మొదలవుతుంది. పొరను ఎప్పటికప్పుడు కొత్తగా పెంచే మూలకణాలు ఆనాడే దెబ్బతిన్నాయి. నష్టం బయటపడటానికి అంతకాలం పట్టింది. చర్మం పొడిబారి దురద పెడుతూనే ఉంటుంది. ఇక క్యాన్సర్ సంగతి జపాన్ నుంచి తెలిసింది. హిరోషిమా ప్రాంతంలోని ఒకునోషిమా దీవిలో 1929 నుంచి 1945 దాకా విషవాయువు తయారుచేసిన కార్మికుల్లో శ్వాసమార్గపు క్యాన్సర్లు ఎక్కువగా వచ్చాయి. వాళ్లు సైనికులు కూడా కారు, కూలికి వెళ్లినవాళ్లు. ఇదే మస్టర్డ్ కుటుంబంలోని నైట్రోజన్ మస్టర్డ్‌ను 1942లో యేల్‌లో రోగికి ఎక్కించడంతో క్యాన్సర్‌కు ఆధునిక రసాయన చికిత్స మొదలైంది.

రెండో రకం విషాలు నరాలవి. 1936లో గెర్హార్డ్ ష్రాడర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పురుగుల మందు కోసం వెదుకుతూ టాబున్ కనిపెట్టాడు. రెండేళ్లకు సారిన్ వచ్చింది. పుట్టుక పొలం కోసం, వాడకం యుద్ధం కోసం. మలక్‌పేట గంజ్‌కు మిర్చి బస్తాలు తెచ్చే రైతు చేలో చల్లే ఆర్గానోఫాస్ఫేట్ మందులూ ఆ కుటుంబానివే. ఉస్మానియా, వరంగల్ ఎంజీఎం క్యాజువాలిటీల్లో ‘పురుగుల మందు కేసు’ అనగానే నర్సులు అట్రోపిన్, పామ్ అనే విరుగుడు మందులు సిద్ధం చేస్తారు. సారిన్ తగిలిన సైనికుడికీ ఇచ్చేవి ఆ తరహా మందులే. కండరాలకు పని చెప్పే ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఈ విషాలు కట్టిపడేస్తాయి. ప్రాణం దక్కిన రోగుల్లో కొందరికి రెండు మూడు వారాల తరవాత పాదాలు వేలాడిపోతాయి, కాళ్లలో బలం పోతుంది. అప్పటికి డిశ్చార్జ్ అయి ఊరికి వెళ్లిపోయి ఉంటారు. ఆ రెండో విడత జబ్బును మొదటిదానితో కలిపి చూసే కేస్‌షీట్ చాలాసార్లు ఉండదు.

కొద్ది మోతాదు తగిలినవాళ్ల విషయం ఇంకా చిక్కు. గల్ఫ్ యుద్ధం ముగిసిన వెంటనే, 1991 మార్చిలో ఇరాక్‌లోని ఖమీసియా వద్ద అమెరికా సైన్యం ఆయుధ గోదాములను పేల్చింది. వాటిలో సారిన్ రాకెట్లు ఉన్నాయన్న సంగతి తరవాత బయటపడింది. దాదాపు లక్షమంది సైనికులకు, మీకు కొద్దిగా తగిలి ఉండవచ్చని ప్రభుత్వం ఉత్తరాలు రాసింది. అలసట, ఒళ్లునొప్పులు, మతిమరుపు, నిద్రలేమి కలిసిన గల్ఫ్ యుద్ధ రుగ్మతను మనోవ్యాధిగా కొట్టిపారేసిన వైద్యులు తక్కువేమీ కాదు. సారిన్‌ను విరగ్గొట్టే పీఓఎన్1 జన్యువు బలహీన రూపం ఉన్నవాళ్లలో ఈ రుగ్మతకు, సారిన్‌కు సంబంధం బలంగా ఉందని 2022లో ఒక అధ్యయనం చూపింది. చర్చ ముగియలేదు, కానీ మొగ్గు మాత్రం మారింది.

వియత్నాంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ చట్టరీత్యా రసాయన ఆయుధం కాదు, ఆకురాల్చే మందు. అందులోని డయాక్సిన్ మాత్రం ఒంట్లో ఏళ్ల తరబడి నిలిచింది. ఆ దేశంలో పనిచేసిన సైనికుడికి మధుమేహం, పార్కిన్‌సన్స్ వంటి జాబితాలోని జబ్బు వస్తే, కారణం అదేనని అతను నిరూపించనక్కర్లేదన్న పద్ధతికి అమెరికా 1991 చట్టంతో దారి వేసింది. 2022లో ఆ జాబితాలో రక్తపోటు కూడా చేరింది. నిరూపణ భారం రోగి నెత్తిన పెట్టకపోవడమే ఇందులో గట్టి సంగతి.

భారత సైనికులకు ఆ వీలు కలగలేదు. 1915 ఏప్రిల్ 26న లాహోర్ డివిజన్ ఈప్రెలో క్లోరిన్‌ను ఎదుర్కొంది. గాయపడ్డ అధికారులను మోసుకొచ్చిన జమాదార్ మీర్ దస్త్‌కు విక్టోరియా క్రాస్ దక్కింది, గ్యాస్ బాధ కూడా మిగిలింది. అంతకన్నా చేదు కథ రావల్పిండిది. 1930ల నుంచి పదేళ్లకు పైగా బ్రిటిష్ శాస్త్రవేత్తలు వందలాది భారత సైనికుల మీద మస్టర్డ్ పరీక్షలు జరిపారు. కొందరిని నిక్కర్లు, నూలు చొక్కాలతో గ్యాస్ గదుల్లోకి పంపారు. కాలిన గాయాల వివరాలు కాగితాల మీద ఉన్నాయి, తరవాత ఆ మనుషులు ఏమయ్యారో చూసినవాళ్లు లేరు. అమెరికా కూడా రెండో ప్రపంచ యుద్ధంలో తన సైనికులు దాదాపు 60,000 మందిపై ఇలాంటి పరీక్షలే చేసి నోరు విప్పొద్దని ఒట్టు వేయించుకుంది. 1993లో ఆ దేశపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఈ పరీక్షల మీద నివేదిక ఇచ్చింది. భోపాల్ గ్యాస్ బాధితులపై ఐసీఎంఆర్ చేసిన పరిశీలన 1994లో ఆగింది. భోపాల్ యుద్ధం కాదు, కానీ జబ్బుల కాలం ముగియకముందే రిజిస్టర్లు మూసేయడం అక్కడా జరిగింది.

1997లో రసాయన ఆయుధాల ఒప్పందం అమల్లోకి వచ్చింది. భారత్ తన దగ్గరున్న 1,044 టన్నుల మస్టర్డ్‌ను ప్రకటించి 2009కల్లా నాశనం చేసింది. 2023 జులైలో అమెరికా నిల్వలు ముగియడంతో, ఒప్పందంలోని దేశాలు ప్రకటించిన నిల్వలన్నీ పోయాయి. తగిలిన ఒళ్లు ఇంకా ఓపీలకు వస్తూనే ఉంటాయి. అలాంటి రోగికి చేయగలిగింది కొద్దే: ఏటా స్పైరోమెట్రీ, స్లిట్ ల్యాంప్‌తో కంటి పరీక్ష, చర్మం మీద కొత్త మచ్చల తనిఖీ, నిద్ర, మనసు గురించి ఓ పది నిమిషాల మాట, పొగ మాన్పించడం. వీటన్నిటికంటే ముందు కేస్‌షీట్‌లో ఒక గడి నింపాలి: ఎక్కడ పనిచేశారు, ఏ ఏళ్లలో, ఏం తగిలింది. మాజీ సైనికుడికైనా, మందు కొట్టే రైతుకైనా అదే గడి.