ఇంటి దూలముతో గిటారు

(మన సంఘపు వార్షిక సభలో గావించిన ప్రసంగము)

“యువకులు - చేతిపనులు” అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవారము. ఉపన్యాసములు మాకు చేతకావు. కావున చేసిన పని యొకటి చెప్పెదము. గడచిన 14 నెలల ఆదివారములలో మేమును మా కుమారుడును కలిసి ఒక ఎలక్ట్రిక్ గిటారును చేతితో చేసితిమి. ఆ మాట వినగానే వెనుక వరుసలో కొందరు పెద్దలు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. మేము మొదట నవ్వను కూడ లేదు, కోపించితిమి.

మా వాడు పదునొకండవ తరగతిలో నుండగా, రాయవేలూరి దుకాణమొకదానిలో గిటారును చూచివచ్చి కొనిపెట్టుమనెను. ధర 22,000 రూపాయలు. “అంత కావలెనన్న నీవే చేసికొనుము” అని విసుగుకొంటిమి. మరునాటి సాయంకాలము వాడు కొలతలు వ్రాసిన కాగితముతో అంగడికి వచ్చి, “నాయనా, చేసుకోమన్నావు కదా, కొయ్య ఎక్కడ దొరుకుతుంది?” అనెను. వ్యాపారి ఆడిన మాట తప్పరాదు గదా! ఆ విధముగా మేము చిక్కుకొంటిమి.

ఈ వాద్యము పలుకు విధము

వీణకు కుండ కావలెను. ఈ గిటారు లోపల బోలుగా నుండనక్కరలేదు, గట్టి పలక చాలును. ఉక్కుతీగల క్రింద అయస్కాంతములును, వాని చుట్టు సన్నని రాగితీగ చుట్టయు నుండును. తీగ మీటినపుడు అయస్కాంతశక్తి చలించి, రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని యాంప్లిఫయరు పెంచును, స్పీకరు ధ్వనిగా మార్చును. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే యిది. సైకిలు డైనమో దీపమును వెలిగించునదియు నదియే. కావుననే నైలాను తీగలును ఇత్తడి తీగలును దీనికి పనికిరావు.

దీనిని చేసినవారి చరిత్ర చదివినకొలది మా సంకోచము తగ్గెను. అమెరికాలో 1931 ప్రాంతమున జార్జి బోషాం అనునాతడు చేసిన మొదటి ఎలక్ట్రిక్ గిటారు చూచుటకు వేపుడు పెనమువలె నుండుటచే దానికి ఆ పేరే నిలిచినది. 1940 ప్రాంతమున లెస్ పాల్ అను వాద్యకారుడు న్యూయార్కులో ఒక కర్మాగారమున ఆదివారములందు పనిచేసి, 4 అంగుళముల చదరపు పైనుకొయ్య దుంగకు తీగలు బిగించెను. వట్టి దుంగను వాయించినపుడు జనులకు నచ్చలేదట. దానికి ఇరుప్రక్కల మామూలు గిటారు చెక్కలను అతికించి వాయించినపుడు మెచ్చుకొనిరట. చెవికన్న కన్ను ముందుగా వినును కాబోలు! 1950లో గట్టిపలక గిటారులను విరివిగా అమ్మనారంభించిన లియో ఫెండరు రేడియోలు బాగుచేయువాడు. ఆయన గిటారు వాయించుట ఎన్నడును నేర్వలేదు. ఈ సంగతి తెలిసినపుడు, స్వరజ్ఞానము లేని మాకు ఎంతో ధైర్యము కలిగినది.

అన్నింటికన్న మమ్ము కదిలించినది లండనులోని తండ్రీకొడుకుల కథ. 1963లో బ్రయాన్ మే అను బాలుడు గిటారు కొనుటకు డబ్బు చాలక, తండ్రి హెరాల్డుతో కలిసి స్వయముగా చేయబూనెను. వారి గిటారు మెడకు కొయ్య, పాత యింటి చలిమంట గూటి చుట్టునుండిన మహాగని చట్రము. తీగలను సడలించి బిగించు అమరికకు మోటారుసైకిలు స్ప్రింగులు, దాని పిడి చివర ఉన్ని అల్లు సూది ముక్క, మెట్ల గుర్తులకు ముత్యపుచిప్ప గుండీలు. రెండేండ్లు పట్టినది. క్వీన్ అను ప్రసిద్ధ బృందములో ఆయన ఏబదియేండ్లకు పైగా వాయించినది ఆ గిటారునే. 2002లో బకింగ్‌హాం రాజభవనపు కప్పుపై నిలిచి వాయించినదియు నదియే. ఆయనయే 2007లో ఖగోళశాస్త్రమున డాక్టరేటు పొందెను. చేతిపని చదువునకు శత్రువని తలంచు తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకొందురుగాక.

దూలము

చలిమంట గూటి మాట చదివినపుడు మాకు గుడియాత్తములోని మా పాత యిల్లు జ్ఞప్తికి వచ్చినది. మా ముత్తాతగారు మగ్గముల వీథిలో కట్టించిన యిల్లది. అన్నదమ్ముల పంపకములలో స్థలము చేతులు మారినది, గోడలు పడినవి. మా భాగమునకు వచ్చిన వస్తువులలో ఒక టేకు దూలము రాయవేలూరిలోని మా గిడ్డంగిలో ఎనిమిదేండ్లు గోనెపట్టాల క్రింద పడియుండెను. దానిని అమ్ముటకు మనసు రాదు, వాడుటకు చోటు లేదు.

అయినను దానిని కోయుటకు మేము మొదట ఒప్పుకొనలేదు. రంపపు మిల్లులో కొత్త కొయ్య కొని, గిటారు మెడను చెక్కించితిమి. కార్తిక మాసపు వానలలో అది విల్లువలె వంగిపోయెను. గుడియాత్తములో జీవితమంతయు ద్వారబంధములు చేసిన 74 ఏండ్ల ఆచారిగారి యొద్దకు దానిని తీసికొనిపోతిమి. ఆయన వంకర చూచి నవ్వి, “శెట్టిగారూ, కొయ్య చచ్చినా నీళ్లు తాగడం మానదు. దాని దప్పిక తీరినాకే మనం ఉలి పట్టాల. మీ యింట్లో నూరేండ్ల దూలం పెట్టుకొని పచ్చికొయ్య కొన్నారే!” అనిరి.

ఆ రాత్రి మా తల్లిగారితో చెప్పితిమి. “ఇల్లే పోయింది నాయనా, దూలం దాచి ఏం చేస్తావు? బిడ్డ చేతిలో ఉండనీ” అనిరామె. మరుసటి ఆదివారము ఆచారిగారే వచ్చి దూలమును కోసిరి. నల్లబడిన పై పొర క్రింద కొయ్య తేనెరంగున మెరసెను. మూడు పలకలు అతికించి, 45 మిల్లీమీటర్ల మందమున ఒడలు చేసితిమి. టేకులో నూనె యుండుటచే జిగురు సరిగా పట్టదు. కావున అతికించుటకు ముందే పై పొర రుద్ది తుడువవలెను. మెడపై మెట్లు కూర్చు పలకకు ఇచ్చట ఈట్టి యని పిలిచెడు రోజ్‌వుడ్డును వాడితిమి. చందనము, ఎర్రచందనము జోలికి మాత్రము ఎవరును పోరాదు, చట్టము కఠినము.

ఆరు తీగలు కలిసి లాగు బలము 45 కిలోలకు పైమాట, అనగా ఒక సిమెంటు మూటకు కొంచెము తక్కువ. అందుచే మెడలో ఉక్కు కడ్డీనొకటి పొదిగి, చివర మర బిగించితిమి. వంగినపుడు దానిని త్రిప్పి సరిచేయవచ్చును.

లెక్క తప్పిన విధము

మెట్లు అమర్చుటలో మేము పడిన పాటు వ్యాపారులందరును వినదగినది. మీటు తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. దానిని 17.817తో భాగించగా మొదటి మెట్టు దూరము 36.4 మిల్లీమీటర్లు వచ్చును. మిగిలిన పొడవును మరల అదే సంఖ్యతో భాగించుచు పోవలెను. 12వ మెట్టు సరిగా నడుమ, 324 మిల్లీమీటర్ల వద్ద పడవలెను. మేము ఒక మెట్టు నుండి తరువాతి మెట్టునకు కొలుచుచు గాట్లు పెట్టితిమి. ఒక్కొక్క కొలతలో పావు మిల్లీమీటరు తప్పు చేరి, 12వ మెట్టు 3 మిల్లీమీటర్లు తప్పినది. పలక పాడైనది. దినదినము చిల్లర తప్పును మరుసటి పుటకు మోసికొనిపోయిన పద్దుపుస్తకమువలె నుండెను మా పని! ప్రతి మెట్టును మొదటి గట్టునుండియే కొలువవలెనని అప్పుడు తెలిసినది.

వీణ చేయువారికి ఈ చిక్కు లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసమాను దుంగలో వీణను తొలుతురు. 24 మెట్లను మైనముపై నిలిపి, చెవితో విని, జరిపి సరిచేయుదురు. గిటారు మెట్టు గాటు పడెనా, ఇక జరుగదు. వారి చెవిలోనున్న జ్ఞానమును మేము కొలబద్దతో వెదకుకొనవలసివచ్చెను.

రాగితీగ చుట్టుట మరియొక తపస్సు. 0.063 మిల్లీమీటర్ల తీగను, అనగా తలవెండ్రుక వంటిదానిని, 8,000 చుట్లు చుట్టవలెను. మా యింటి కుట్టుమిషను చక్రమునకు బిగించి, పాత టేపురికార్డరులోని అంకెల చక్రముతో లెక్కించితిమి. మొదట 1,900వ చుట్టు వద్ద, తరువాత 5,200వ చుట్టు వద్ద తెగెను. అప్పుడు మేము లేచిపోతిమి. మా వాడు లేవలేదు, మూడవ బొబ్బిను తీసికొనెను. సెల్‌ఫోను ముందు తప్ప గంటసేపు కదలక కూర్చుండని బాలుడు!

తీగ తగిలించిన మొదటి రాత్రి ఝుమ్మను మ్రోత తప్ప స్వరము రాలేదు. లోపలి గూటికి రాగిరేకు పొదిగి, ఎర్తు కలిపిన పిమ్మట మ్రోత అణగెను. ఇట్టి పని చేయు బాలురకు ఒక్క హెచ్చరిక: యాంప్లిఫయరునకు సరియైన ఎర్తు లేనిదే తీగలపై చేయి వేయరాదు. ప్రాణాపాయము కలదు.

చివరకు అది పలికిన నాడు ఆచారిగారిని పిలిచితిమి. ఆయనకు చెవులు మందగించినవి. స్పీకరు వైపు చూడక గిటారు ఒంటిపై అరచేయి ఉంచి, మా వానిని మీటుమని, కొంతసేపు కన్నులు మూసికొనిరి. “పలుకుతోంది” అనిరి, అంతే.

మనది అనగా నేమి?

“ఇది మన సంస్కృతియా?” అని పెద్దలు అడిగిరి. వయొలిను యూరపునుండి వచ్చినది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమునకు మలచిరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారి నాటికి అది పరాయిదని తలచువారు లేరు. ఎలక్ట్రిక్ మాండొలినును చేతబట్టి కర్ణాటక సంగీత సభలను గెలిచిన ఉప్పలపు శ్రీనివాసు 1969లో పాలకొల్లులో జన్మించినవాడు. మామూలు మాండొలిను జంటతీగలు గమకమునకు ఒదుగవని ఐదు ఒంటితీగలు పెట్టించుకొనెను. 1998లో పద్మశ్రీ పొందెను. 2014లో 45 ఏండ్లకే కన్నుమూసెను. మనము నేడు చూచు 24 మెట్ల వీణ తంజావూరి రఘునాథనాయకుని కాలమున స్థిరపడెనని సంగీతచరిత్రకారులు చెప్పుదురు. తమిళదేశమున ఏలుచు తెలుగులో కావ్యములు వ్రాసిన రాజాతడు. కావున వాద్యము ఎచ్చట పుట్టెనన్నది ప్రశ్న కాదు. మన చేతులు దానికేమి చేసినవన్నదే ప్రశ్న.

వ్యాపారిగా లెక్క కూడ చెప్పవలెను. పాడుచేసిన కొయ్యతో కలిపి మాకు 18,400 రూపాయలైనవి. ఆదా స్వల్పము, ఆదివారముల కూలి వేసికొన్నచో నష్టమే. అయినను పద్దులో వ్రాయరాని లాభమొకటి కలదు. మా వాడు బడిలో తమిళమును ఇంగ్లీషును చదివినాడు. ఇంటిలో తెలుగు మాటాడును గాని వ్రాయడు. మేము అచ్చుపుస్తకము తెచ్చినపుడెల్ల ప్రక్కకు నెట్టెను. ఆచారిగారికి మాత్రము పనిముట్ల పేర్లు తెలుగులోనే తెలియును. ఉలి, బాడిస, చిత్రిక, ఆకురాయి, మూలమట్టము అని ఆయన అడుగగా మా వాడు అందించుచు నేర్చుకొనెను. ఒకనాడు ఆయన ఊరికి పోవుచు, మరల రావలసిన సామానులను వ్రాసికొనుమనిరి. ఆ చీటీని వాడు తెలుగులో వ్రాసెను. “ఆకురాఇ” అని యుండెను. మేము దిద్దలేదు. ఆ చీటీ మా గల్లాపెట్టెలో నున్నది.

ఆచారిగారి కుమారులు ముగ్గురును వేరు ఉద్యోగములలో నున్నారు. అది తప్పు కాదు. కాని ఆయనతో ఆ చేయియు, ఆ మాటలును కలిసి పోవుచున్నవి. మన బిడ్డలకు తెలుగు నేర్పుమని మనము ప్రభుత్వమునకు విన్నపములు పంపుచున్నాము, పంపవలసినదే. బిడ్డ చేతికి తెలుగుతో పనిపడునట్లు చేయుట మాత్రము మన పని.

కావున సంఘమును ఒకటి కోరుచున్నాము. ఆదివారము ఉదయము రెండు గంటలు ఈ మందిరపు వెనుక వసారాను బాలబాలికలకు తెరువుడు. గిటారే కానక్కరలేదు, పీట కావచ్చును, వీణ కావచ్చును, రేడియో కావచ్చును. పని తెలిసిన పెద్దలు కూర్చుండి తెలుగులో చెప్పవలెను. పనిబల్ల, పనిముట్లు మా అంగడినుండి వచ్చును. ఆచారిగారు రెండవ ఆదివారములలో వచ్చెదమని మాట యిచ్చిరి. దూలములో ఇంకను రెండు మూరల ముక్క మిగిలియున్నది. మొదటి పని దానితోనే మొదలు పెట్టవచ్చును.