ఆయిల్ ఇంజను వాల్వులు

సుల్తానాబాద్ ప్రాంతపు బావుల మీద మోటలు పోయి ఆయిల్ ఇంజన్లు వచ్చినవి. వాటి వెనుక కరెంటు మోటార్లు వచ్చినవి. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైనది. అయినను తీగ చేరని పొలమునకు మానేరు నీరు ఎత్తవలసి వచ్చినప్పుడు మూలనున్న ఇంజనే దిక్కు. వరి పొట్టకు వచ్చిన వేళ అది మొండికెత్తినచో రైతు గుండెలో రాయి పడినట్లగును.

హ్యాండిలు బిగువు లేక వట్టిగా తిరిగినచో చాలమంది పిస్టను రింగుల మీద పడుదురు. మిస్త్రీలు మన్నింతురు గాక, ముందు టాపెట్ సందు చూడవలెను. సందు లేనిచో వాల్వు పూర్తిగా మూతపడదు. హెడ్డు విప్పకయే పని తీరవచ్చును. తీరనిచో, ఇంజను చల్లారిన పిదప హెడ్డు దింపుడు.

వాల్వు ముఖము కింద చెక్కదిమ్మె ఉంచి, స్ప్రింగుపైనున్న పళ్లెమును నొక్కినచో కాడ చుట్టునున్న రెండు లాకు ముక్కలు వదులగును. వాటిని తీసి పళ్లెమును మెల్లగా పైకి రానీయుడు. స్ప్రింగు ఎగిరిన కన్ను పోవును. పైన గుడ్డ కప్పుడు. రెండు వాల్వులను కలగలుపరాదు. దేని చోటికి అది పోవలెను.

పొగను వెలుపలికి పంపు వాల్వు సంగతి కొంత వివరింతును. మండిన వాయువులు దానిని ఒరసికొనియే పోవును. ఆ వేడిలో అధిక భాగము అది మూతపడి సీటును తాకినప్పుడే హెడ్డులోనికి దిగును. నిమిషమునకు 1,500 చుట్లు తిరుగు నాలుగు స్ట్రోకుల ఇంజనులో అది 750 సార్లు మూతపడవలెను. మసి అడ్డుపడినను, స్ప్రింగు నీరసించినను ఆ తాకిడి తప్పును. సందున జ్వాల దూరి అంచును కొరికివేయును. అందుచేత కాలిన వాల్వును మార్చి, స్ప్రింగును చూడకయే బిగించు పొదుపు నాకు నచ్చదు.

స్ప్రింగు కంటికి మోసము చేయును. కొత్తదాని పక్కన బల్లపై నిలబెట్టుడు. పొట్టిదైనను, ఒరిగినను, తుప్పు గుంటలు పడినను పనికిరాదు. వాల్వు కాడను గాజుపలకపై దొర్లించినచో వంకర తెలియును. అంచు కత్తివలె పలుచబడినచో పారవేయుడు. చిన్న మచ్చలకు గ్రైండింగు పేస్టు చాలును; బూడిదరంగు వలయము ఎక్కడను తెగక కనబడువరకు నూరి, రేణువు మిగులకుండ కడుగుడు.

బిగించిన పిదప హెడ్డులోని దారిలో కిరసనాయిలు పోసి కొంతసేపు ఆగుడు. వాల్వు అంచున చెమ్మ కనబడకున్న హెడ్డు ఎక్కింపవచ్చును. అటుపై టాపెట్ సందును, ఇంజనుతో వచ్చిన పుస్తకములోని కొలత ప్రకారము, మరల సరిచూచుకొనుడు.